ఇరవై బొత్తాలు

కటింగ్ గదిలో మాస్టరమ్మకు ఒకటే పట్టింపు. పాత సుద్దగీత చెరపకుండా దాని పక్కన కొత్త గీత గియ్యకూడదు. కొలత మారితే ముందు తడిగుడ్డతో పాత గీత తుడవాలి, బట్ట ఆరేదాకా ఆగాలి, అప్పుడు సుద్ద ముట్టుకోవాలి. తొందర కొద్దీ ఎవరైనా రెండో గీత లాగితే ఆమె కేకలేసేది కాదు. ఆ బట్టను నాలుగు మడతలు పెట్టి వాళ్ళ చేతిలో ఉంచి, "ఇంటికి పట్టుకెళ్ళి కిటికీకి కట్టుకోండి, ఎండ రాదు" అనేది.

ఈ పట్టింపు ఊరికే వచ్చింది కాదు. ఆమె పనిలో చేరిన రెండో ఏడు ఒక ఆసుపత్రికి ప్యాంట్లు కుట్టాల్సి వచ్చింది. బల్ల మీద బట్టను నలభై ఎనిమిది పొరలుగా పరిచారు. పొడవు రెండంగుళాలు పెంచమని ఆఖరు నిమిషంలో కబురొస్తే ఆమె కింద ఇంకో గీత గీసి ఊరుకుంది. పై గీత అలాగే ఉండిపోయింది. బల్ల అవతలి కొసన కరెంటు కత్తి పట్టుకున్న మనిషికి కనబడింది పై గీతే. నలభై ఎనిమిది ప్యాంట్లూ చీలమండల పైకి తేలాయి. "ఆ ఏడంతా ఆసుపత్రి వాళ్ళు వరదనీళ్ళలో నడుస్తున్నట్టే తిరిగారు" అని బాబిన్ ఇప్పటికీ కొత్తవాళ్ళకు చెప్పి నవ్విస్తుంది.

బాబిన్ కుట్టు లైనుకు పెద్ద. మిషన్లో దారం చుట్టి తిరిగే బాబిన్‌లా ఒక్కచోట నిలవకుండా మిషన్ల మధ్య గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరూ ఒకే వారంలో పనిలో చేరారు. మూడు గంటల టీకి ఇద్దరికీ ఒకటే ఫ్లాస్కు. ఒక వారం ఈమె తెస్తే ఒక వారం ఆవిడ. ఆరేళ్ళ కిందట మాస్టరమ్మ కూతురిని బాబిన్ కొడుక్కి ఇచ్చారు. పెళ్ళయిన మర్నాడు ఇద్దరూ వియ్యపురాళ్ళ హోదాలో "వదినగారూ, మీరు కూర్చోండి", "అయ్యో, ముందు మీరు" అనుకున్నారు. ఆ మర్యాద నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు బాబిన్ వేలికి సూది దిగి, "ఒసే వదినా, ఆ దూది ఇటు విసురు!" అని హాలు అదిరేలా అరిచింది. దాంతో గారు పోయింది, మీరు పోయింది, వదిన మాత్రం మిగిలింది.

యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాప్‌కు యజమాని అంటూ లేడు. పనిచేసే నలభై ఆరుగురిదీ అది. మొదటి నుంచీ వాళ్ళకొక పద్ధతి ఉంది. వారమంతా నాగా లేకుండా వచ్చినవాళ్ళకు శనివారం సాయంత్రం ఒక బొత్తం. హాల్లో గోడ పొడవునా చెక్క అర ఉండేది, దాని మీద నలభై ఆరు గాజు సీసాలు. ఎవరి బొత్తం వాళ్ళ సీసాలో పడేది. ఏ సంగతైనా తేల్చుకోవలసి వస్తే రెండు పెద్ద సీసాలు పెట్టేవారు, ఒకటి ఔను, ఒకటి కాదు. ఎవరికి ఆ సంగతి ఎంత ముఖ్యమో వాళ్ళు అన్ని బొత్తాలు వేసేవాళ్ళు. వేసిన బొత్తం తిరిగి రాదు. లెక్క అయ్యాక అన్నీ గోనెసంచిలోకి పోయేవి. అందుకని కొందరు ప్రతిదానికీ గుమ్మరించి సీసా ఖాళీ చేసుకునేవాళ్ళు. బాబిన్ ఆ రకం. ఇస్త్రీ బల్లల దగ్గర ఫ్యాను ఏ రంగుదన్నా ఆవిడ పది బొత్తాలు పడేసేది.

మాస్టరమ్మ ఎనిమిదేళ్ళుగా ఒక్క బొత్తం కదపలేదు. ఎందుకో అందరికీ తెలుసు. బట్టను బయట పెద్ద యంత్రం మీద కత్తిరించి ముక్కలుగా పంపించే యూనిట్లు వచ్చాయి. ఆ ముక్కలు తెప్పించుకుంటే ఇక్కడ కుట్టుకుంటే సరిపోతుంది, కటింగ్ గది అక్కర్లేదు. ఏడాదికో రెండేళ్ళకో ఈ మాట లేచేది, మళ్ళీ సద్దుమణిగేది. ఓటు దాకా వచ్చిననాడు తన గది నిలబడాలి. ఆ గదిలో ఆమె కాక ఇంకో ముగ్గురున్నారు. పన్నెండడుగుల బల్ల ఉంది, పాతికేళ్ళ అట్ట నమూనాలు మేకులకు వేలాడుతున్నాయి. ఆమె సీసా ఆ ఒక్క రోజు కోసం.

నాలుగేళ్ళ కిందట చెక్క అర ఊడి పదకొండు సీసాలు పగిలాయి. ఎవరివి ఎన్నో తేల్చేసరికి మూడు రోజులు పట్టింది, ఇద్దరికి మాటలు లేకుండా పోయాయి. అప్పుడు లెక్కలు రాసే ఆయన, అందరూ కళ్ళజోడు అనే మనిషి, మీటింగులో లేచి, బొత్తాలను క్రిప్టో టోకెన్లుగా మార్చుకుందామన్నాడు.

"అంటే పొద్దున లక్షై సాయంత్రానికి చిల్లరయ్యే బాపతా?" అంది బాబిన్.

"మనది అమ్మడానికీ కొనడానికీ కాదండీ. తయారీ మాత్రం అదే, లోకమంతా వాడే మామూలు రకం. సీసాలు ఉంటాయి కాని పగలవు. ఎవరి ఫోన్లోంచి చూసినా ఎవరి దాంట్లో ఎన్నున్నాయో కనబడుతుంది, గాజు సీసాలాగే."

"మరి సీసాల దగ్గర ఎవరుంటారు?"

"స్మార్ట్ కాంట్రాక్ట్ అని ఒకటుంటుంది. కాపలాదారు అనుకోండి. వాడికి ఐదే పనులు తెలుసు. ఏ సీసాలో ఎన్నున్నాయంటే చెప్తాడు. నా దాంట్లోంచి తీసి ఫలానా దాంట్లో వెయ్యమంటే వేస్తాడు. ఫలానా మనిషి నా సీసాలోంచి ఇన్ని దాకా తీసుకోవచ్చని అనుమతి రాయమంటే రాసుకుంటాడు. ఆ మనిషి వచ్చి అడిగితే రాసినంత వరకూ తీసిస్తాడు. ఆ అనుమతిలో ఇంకెంత మిగిలిందంటే అదీ చెప్తాడు. ఆరో పని చెయ్యడు."

"టీ తాగడా?"

"తాగడు. మొహమాటపడడు. వాడికి బంధుత్వాలు తెలీవు. మీరు అనుమతి ఇచ్చిన మనిషి తీసుకుంటుంటే, ఇదిగో తీసుకుంటోందమ్మా అని మీకు చెప్పడు కూడా. ఎప్పటికప్పుడు మీరే చూసుకోవాలి."

"అచ్చం మా ఆయనే" అంది బాబిన్. హాలంతా గొల్లుమంది, ఆ నవ్వులోనే సరేనంది.

ఆ రోజే కళ్ళజోడు ఇంకో సంగతి చెప్పాడు. ఏ పని పంపినా వెంటనే అయిపోదు, వరుసలో నిలబడుతుంది. ప్రతిదానికీ సగం కప్పు టీ ఖరీదంత రుసుము ఉంటుంది. ఎక్కువ రుసుము కట్టినవాళ్ళ పని ముందుకు జరుగుతుంది. అందుకని ఎవరికైనా ఇచ్చిన అనుమతి మార్చాలంటే ముందు సున్నా రాయాలి. సున్నా అయ్యిందని, ఈలోపు అవతలివాళ్ళు ఏమీ తీసుకోలేదని చూసుకున్నాకే కొత్త అంకె రాయాలి. ఒకేసారి కొత్త అంకె రాసి పంపితే అది వరుసలో ఉన్నంతసేపూ పాత అంకె బతికే ఉంటుంది. అవతలి మనిషి తలుచుకుంటే పాతదంతా ముందే తీసుకుని, తర్వాత కొత్తది కూడా తీసుకోవచ్చు.

మాస్టరమ్మ చిన్నగా నవ్వింది. "సుద్దగీత సంగతే కదయ్యా. అది నాకు చెప్పాలా?"

*

నాలుగు నెలల కిందట మాస్టరమ్మ కుడికంటికి శుక్లం తీశారు. కత్తెర పట్టే మనిషికి కన్ను పోతే ఏముంటుందని బాబిన్ నాలుగు రోజులు సెలవు పెట్టి ఆసుపత్రిలో పక్కనే కూర్చుంది. కంటికి కట్టుతో పడుకున్న మాస్టరమ్మకు ఒకటే దిగులు.

"నేనిట్లా ఉన్నప్పుడు చూసి ఆ ఓటు పెట్టేస్తారేమో వదినా."

"పెడితే పెట్టనీ. నేనున్నానుగా."

"నా ఫోను తియ్యి. నీ పేరున నూట యాభైకి అనుమతి రాయి. ఓటు వస్తే నా తరఫున కాదు సీసాలో వెయ్యి."

"నూట యాభయ్యేనా? ఉన్నవన్నీ రాస్తే అరిగిపోతావా?"

"నీ సంగతి తెలీదూ? ఫ్యాన్లకి తగలేస్తావు."

బాబిన్ పడీ పడీ నవ్వింది. మాస్టరమ్మ నవ్వబోతే కట్టు కింద కన్ను లాగింది. నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడింది.

ఓటు రాలేదు. మాస్టరమ్మ తిరిగి పనిలో చేరింది. అనుమతి అలాగే ఉండిపోయింది. బాబిన్ అందులో ఒక్క బొత్తం ముట్టుకోలేదు. కన్ను ఎండిపోకుండా రోజుకు మూడుసార్లు మందు వేసుకోమన్నారు డాక్టర్లు. తన చేత్తో తనకు వేసుకోవడం మాస్టరమ్మకు చేతకాలేదు, సీసా మొన దగ్గరకు వస్తుంటేనే రెప్ప మూసుకుపోయేది. ఇంట్లో ఉన్నప్పుడు పక్కింటావిడ వేసేది. మూడు గంటల టీకి ముందు మాత్రం బాబిన్ వచ్చి ఆమె గడ్డం పైకెత్తి, "సీలింగు చూడు, నన్ను చూడకు, నా అందం కళ్ళకు మంచిది కాదు" అని రెండు చుక్కలు వేసేది.

అప్పుడు వచ్చింది ఆ నోటీసు. కత్తిరించిన బట్ట బయటి నుంచి తెప్పించుకుందామా, ఔనా కాదా, వచ్చే శనివారం ఓటు. ఔను, కాదు సీసాలు రెండూ నోటీసు రోజు నుంచే ఫోన్లో తెరిచి ఉన్నాయి, లెక్క మాత్రం శనివారం. మాస్టరమ్మ సీసాలో సరిగ్గా నాలుగువందలు నిండాయి. ఎటు లెక్క చూసినా కాదు వైపే మొగ్గుంది. ఆమె రాత్రిళ్ళు హాయిగానే నిద్రపోయింది.

బుధవారం పొద్దున కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, కోప్పడనంటే ఒకటి చెప్తాను."

"చెప్పకముందే కోప్పడాలా? చెప్పు."

"బట్ట కత్తిరించే ఆ యూనిట్ వాళ్ళు మీ అల్లుడికి సూపర్‌వైజర్ పని ఇస్తామంటున్నారు."

"ఎప్పుడు?"

"మీ వర్క్‌షాప్ ఆర్డరు వాళ్ళకి వస్తే."

మాస్టరమ్మ కోప్పడలేదు. ఫోన్ పెట్టేసి బల్ల మీద బట్ట సర్దుతూ ఆలోచించింది. ఆమెకు బాబిన్ మీద అనుమానం రాలేదు. జాలి వేసింది. ఒక పక్క కొడుకు ఉద్యోగం, ఒక పక్క తనకిచ్చిన మాట. తన బొత్తాలు నూట యాభై ఆవిడ చేతికింద ఉంటే ఆవిడ ప్రాణానికే ఇబ్బంది. ఆ భారం తీసేస్తే ఆవిడ బొత్తాలు ఆవిడ ఇష్టం వచ్చిన సీసాలో వేసుకుంటుంది, ఎవరికీ మనసులో ముల్లు ఉండదు.

గురువారం మూడు గంటలకు బాబిన్ ఫ్లాస్కుతో వచ్చింది. ఆ వారం ఆవిడది. కంట్లో చుక్కలు వేసి, టీ పోసి, స్టూలు మీద కూర్చుంది.

"అమ్మాయి చెప్పింది వదినా" అంది మాస్టరమ్మ. "అబ్బాయి ఉద్యోగం సంగతి."

బాబిన్ గ్లాసు ఊదుకుంది. "నేనే చెబుదామనుకున్నా."

"ఫర్లేదు. నువ్వు ఔను వేసుకుంటే నేను ఏమీ అనుకోను. కన్నతల్లివి. నేను కాదు వేస్తే నువ్వూ ఏమీ అనుకోకు. ఆ నూట యాభై అనుమతి ఉందే, అది తగ్గించేస్తాను. నీకెందుకు మధ్యలో ఆ గొడవ?"

"తగ్గించెయ్. నాకూ అదే నయం." బాబిన్ ఒక గుక్క తాగింది. "సున్నా చేస్తావా?"

ఆ మాట మాస్టరమ్మకు గుచ్చుకుంది. ఎవరు ఎవరికి ఎంత అనుమతి ఇచ్చారో ఎవరి ఫోన్లోనైనా కనబడుతుంది. వియ్యపురాలి పేరు ఎదురుగా సున్నా. ఒక్క నిమిషం ఉన్నా చాలు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ల దగ్గర సాయంత్రం దాకా అదే కబురు.

"ఛ, సున్నా ఏంటి, కొట్టినట్టు? ఇరవై ఉంచుతాను. నీ ఫ్యాన్లకి."

ఫోను తీసింది. చుక్కలు వేసిన కన్ను ఇంకా మసకగా ఉంది, అంకెలు అలుక్కుపోయి కనిపించాయి. నూట యాభై ఉన్నచోటనే ఇరవై అని కొట్టింది. మధ్యలో సున్నా రాయలేదు. ఫోను బాబిన్ వైపు తిప్పింది.

"ఇరవై అని పడిందేమో చూడు."

బాబిన్ ముందుకు వంగి చూసింది. "పడింది."

మాస్టరమ్మ నొక్కింది. వరుసలో ఉందని ఫోను చెప్పింది. బాబిన్ గ్లాసు కింద పెట్టి, బాత్రూమ్‌కు వెళ్ళొస్తానని లేచింది. మాస్టరమ్మ రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. పది నిమిషాల తర్వాత కన్ను తేటపడ్డాక అనుమతి ఎంతుందో చూసుకుంది. ఇరవై. తృప్తిగా ఫోను బల్ల సొరుగులో పడేసింది. సీసాలో ఎన్నున్నాయో చూడలేదు. చూడాలని తోచలేదు.

శుక్రవారం బాబిన్ మామూలుగానే వచ్చింది. గడ్డం పైకెత్తింది, సీలింగు చూడమంది, చుక్కలు వేసింది. కారిన చుక్కను చీర చెంగుతో తుడిచింది కూడా.

*

శనివారం పదకొండింటికి ఓటు. నలభై ఆరుగురూ హాల్లో ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మాస్టరమ్మ కాదు సీసా తెరిచి నాలుగువందలు కొట్టింది. ఎనిమిదేళ్ళు ఒక్క నొక్కుతో పోతున్నాయి కదా అని వేలు కాస్త ఆగింది. తర్వాత నొక్కింది.

చాలినన్ని బొత్తాలు లేవు, అని వచ్చింది.

కంటి మసకేమో అనుకుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. కటింగ్ గదిలో పనిచేసే ఒకతను పక్కనుంచి చూసి, "మాస్టరమ్మా, మీ సీసాలో రెండువందల ముప్ఫయ్యే ఉన్నాయి" అన్నాడు.

ఆమె ఆ రెండువందల ముప్ఫయ్యీ వేసింది. వేస్తూ తలెత్తి చూసింది. హాలు అవతలి చివర బాబిన్ మిషన్ మూతకున్న దుమ్ము తుడుస్తోంది. ఆ మూత మీద దుమ్ము లేదు.

ఔను పదమూడువందల పది. కాదు పదకొండువందల యాభై. కొందరు చప్పట్లు కొట్టబోయి మాస్టరమ్మ ముఖం చూసి ఆపుకున్నారు.

ఆమె లెక్కల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కళ్ళజోడు ఏమీ అడగకుండానే కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. గురువారం నుంచీ జరిగినవన్నీ గంట నిమిషాలతో సహా వరసగా ఉన్నాయి.

"ఇదిగో, మూడూ పన్నెండుకి మీరు పంపారు. నూట యాభైని ఇరవై చెయ్యమని. ఇది ఆవిడ పంపింది, మూడూ పద్నాలుక్కి. మీ సీసాలోంచి నూట యాభై తీసి ఔను సీసాలో పెట్టమని."

"నాది ముందు కదా?"

"పంపడం మీది ముందు. అవ్వడం ఆవిడది ముందు. రుసుము చూడండి. మీరు మామూలు రుసుము కట్టారు. ఆవిడ దానికి ఇరవై రెట్లు కట్టింది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముందు వెళ్ళాలని గట్టిగా అనుకుంటే తప్ప ఎవరూ అంత కట్టరమ్మా."

బాత్రూమ్‌కు అని బాబిన్ లేచింది. గ్లాసులు తను కడిగింది. మాస్టరమ్మ ఆ పది నిమిషాలనూ మనసులో మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకుంది.

"వెనక్కి రావా?"

"రావు. కాంట్రాక్ట్ లెక్కలో తప్పేం జరగలేదు. మీరు రాసిన అనుమతి, ఆవిడ తీసుకుంది. ముందు సున్నా చెయ్యమని..." ఆయన ఆపేశాడు.

"చెప్పావు. సుద్దగీత సంగతే కదా అని కూడా నేనే అన్నాను." ఆమె తెర మీద కిందికి చూసింది. "నూట యాభయ్యే కదా. నాలుగువందల్లోంచి పోతే రెండువందల యాభై ఉండాలి. ఇంకో ఇరవై ఏమయ్యాయి?"

ఆయన ఇంకో వరస చూపించాడు. శనివారం, పొద్దున తొమ్మిదీ పది. మామూలు రుసుము. తొందరేమీ లేదు.

*

బాబిన్ ఇస్త్రీ బల్లల దగ్గర నలుగురితో నిలబడి ఉంది. మాస్టరమ్మ గుమ్మంలో ఆగింది.

"వదినగారూ, మీరొకసారి బయటికి వస్తారా?"

నలుగురూ మాటలాపారు. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ కమురు వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. ఆరేళ్ళుగా ఆ హాల్లో ఎవరూ వినని పిలుపు అది.

వెనక వసారాలో బట్ట థానుల మధ్య ఇద్దరే నిలబడ్డారు.

"ఏంటా గారు? ఏంటా మీరు?" అంది బాబిన్. "నలుగురి ముందూ నన్ను పరాయిదాన్ని చేస్తావేంటి?"

మాస్టరమ్మ ఆవిడ ముఖంలోకే చూసింది.

"సరే, తీశాను. ఎవరి కోసం తీశాను? నా ఒక్కదానికే కొడుకా, నీకు అల్లుడు కాడా? నీ కూతురు ఎన్నాళ్ళు ఆ రెండు గదుల్లో అగచాట్లు పడాలి? దాని మొహం చూశావా ఈ మధ్య? నీకు నీ గది, నీ బల్ల, నీ అట్టలు. ఎనిమిదేళ్ళు సీసా కట్టుకుని కూర్చున్నావు. అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరి? నువ్వే చెప్పు."

"అడగాల్సింది. కాదని నా నోటితో నేను అనేదాన్ని. మీరు తిట్టుకునేవారు. వారం పది రోజులు టీ ఉండేది కాదు. అంతేగా."

బాబిన్ ముక్కు ఎగబీల్చి పక్కకు చూసింది. "నువ్వు ఫోను నా మొహం ముందు పెట్టి చూడమన్నావు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచన లేదు. ఒట్టు. బాత్రూమ్‌లో నిలబడి అబ్బాయికి ఫోన్ చేశాను, వాడు చెప్పాడు ఎక్కువ కడితే ముందు వెళ్తుందని. కంగారులో రెండుసార్లు తప్పు అంకె కొట్టానే."

"నమ్ముతాను" అంది మాస్టరమ్మ. "నూట యాభై సంగతి వదిలేద్దాం. కొడుకు కోసం చేశారు. కంగారులో చేశారు. ఎప్పటికో నా మనసు సర్దుకుంటుందేమో. ఆ ఇరవై ఎందుకు తీశారు?"

"ఏ ఇరవై?"

"మీకు మర్యాదకని ఉంచినవి. ఇవాళ పొద్దున తొమ్మిదీ పదికి తీశారు. లెక్క వేశాను నేను. అవి లేకపోయినా ఔనే గెలిచేది. మధ్యలో శుక్రవారం ఉంది. నా కంట్లో చుక్కలు వేశారు. ఆ ఇరవయ్యీ ఎందుకండీ?"

బాబిన్ థాను మీది కాగితం అంచు గోటితో గీకింది. బయట ఎవరో మిషన్ నడిపి ఆపారు.

"ఉన్నాయి కదా అని" అంది చివరికి.

మాస్టరమ్మ తల ఊపింది. లోపలికి వెళ్ళిపోయింది.

*

సోమవారం ఆమె నాగా పెట్టలేదు. పెట్టినా పోయేదేమీ లేదు, ఇక బొత్తాలు దాచుకోవలసిన పని లేదు. అయినా తన టైముకే వచ్చింది. కటింగ్ గది నెలాఖరు దాకా ఉంటుంది, చేతిలో ఇంకా రెండు ఆర్డర్లున్నాయి. ఒకతను అట్ట నమూనాలు మేకుల మీంచి దించబోతే, "ముప్ఫయ్యో తారీకు దాకా వాటి జోలికి పోకు" అంది.

పదకొండింటికి లెక్కల గదికి వెళ్ళింది.

"ఆవిడ పేరున ఉన్న అనుమతి సున్నా చెయ్యాలి."

కళ్ళజోడు చూసి చెప్పాడు. "అది ఇప్పటికే సున్నా కదమ్మా. ఇరవయ్యీ తీసుకున్నారు కాబట్టి దానంతట అదే అయిపోయింది. మళ్ళీ రాస్తే రుసుము దండగ."

"ఆవిడ తీసుకుంటే అయిన సున్నా అది. నేను రాసింది కాదు."

ఆయన కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఆమె తన ఫోను తీసి బాబిన్ పేరు వెతికింది, ఎదురుగా సున్నా కొట్టింది. ఈసారి ఎవరినీ చూడమనలేదు. ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని తనే చదువుకుంది. నొక్కింది. వరుసలో ఉందని వచ్చింది. నిలబడే ఉంది. అయ్యిందని వచ్చాక, అనుమతి ఎంతుందో అడిగి చూసింది. సున్నా. సీసా తెరిచి చూసింది. అందులో శనివారం సాయంత్రం పడిన ఒక్క బొత్తమే ఉంది. రెండూ చూసుకున్నాకే ఫోను మూసింది.

మధ్యాహ్నానికి ఆ సంగతి ఓవర్‌లాక్ మిషన్ల దాకా పాకింది. ఇప్పుడామెకు పట్టలేదు.

మూడు గంటలకు బాబిన్ కటింగ్ గది గుమ్మంలోకి వచ్చింది. ఈ వారం ఫ్లాస్కు తేవలసింది మాస్టరమ్మ. తేలేదు. బాబిన్ తెచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. ఎప్పుడూ గిర్రున తిరిగే మనిషి ఒక్కచోట అంతసేపు నిలబడడం ఆ గదిలోని ముగ్గురూ చూడడం అదే మొదటిసారి.

"టీ పోయనా వదినా?"

"మీరు తాగండి" అంది మాస్టరమ్మ. గొంతులో కోపం లేదు.

"మరి కంట్లో మందు?"

మాస్టరమ్మ బల్ల సొరుగులోంచి మందు సీసా తీసింది. మూత విప్పి, తల వెనక్కి వాల్చి, సీలింగు చూసింది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు పక్కన. తుడుచుకోకుండా ఎడమ చేత్తో రెప్ప లాగి పట్టుకుంది. మూడోది కంట్లో పడింది.